తన పేరు తానే చెప్పుకున్న దోమితీలా

నేను ఎవర్నీ తొందరగా నమ్మను. మా యలాగా ఊళ్ళో రొట్టెల పొయ్యి నాది. పొద్దున్నే నిప్పు రాజేసిన దగ్గర్నుంచి సాయంత్రం బూడిద ఎత్తేదాకా ఊళ్ళో సగంమంది నా గుమ్మం ముందే ఉంటారు. రొట్టె కాలేదాకా ఊరికే నిలబడరు కదా, మాట్లాడతారు. ఇన్నేళ్ళుగా ఆ మాటలు విని విని, మనిషి చెప్పే కారణం వేరు, లోపల ఉన్న కారణం వేరు అని నాకు రూఢి అయిపోయింది. సిరీలా అత్తకి మా ఊరి పునీతుడు సాన్ పాబ్లోనే స్వయంగా ఎదురొచ్చి దీవిస్తానన్నా, ముందు చేతిలో ఏముందో చూపించమంటుందని కుర్రకారు నన్ను ఆటపట్టిస్తారు. నాకేం బాధ లేదు. చూపించమంటే పోయేదేముంది?

అందుకే ఆ రోజు సభలో దోమితీలా చెయ్యెత్తినప్పుడు నాకు మొట్టమొదట కలిగింది ఆశ్చర్యం కాదు, అనుమానం.

మా ఊళ్ళో కొలువు ఒకరు అడిగితే వచ్చేది కాదు. ఊరు మెడకి చుట్టేది. జీతం ఉండదు, బత్తెం ఉండదు, ఏడాది పొడుగునా సొంత పొలం ఎండబెట్టుకుని ఊరి పని చెయ్యాలి. పంచాయితీ గుమ్మం కాసే కుర్రాడి దగ్గర్నుంచి ఊరి పెద్ద దాకా అందరిదీ ఇదే వరస. సభలో ఎవరో ఒకరు ఒక పేరు చెప్తారు. ఆ పేరుగల మనిషి లేచి నిలబడి, నావల్ల కాదు, నాకంత తెలివి లేదు అంటాడు. ఊరు కాదు నువ్వే అంటుంది. అతను మళ్ళీ నడుం నొప్పో, పెళ్ళాం జబ్బో చెప్పుకుంటాడు. ఊరు మళ్ళీ నువ్వే అంటుంది. అప్పుడు తలొంచుకుని సరే ఊరి మాట అంటాడు. ఇందులో ఎక్కడా తేడా రాకూడదు. మెల్కియాదెస్ని నీళ్ళ పెద్దగా పిలిచిన ఏడాది, ఆయన ముందే కాలికి కట్టు కట్టుకుని కుంటుకుంటూ సభకొచ్చాడు. తర్వాతి ఆదివారం మేనకోడలి పెళ్ళిలో అదే కాలితో బ్యాండు అలిసిపోయేదాకా గెంతాడు. ఎవరూ నవ్వలేదు. కుంటడం అతని మర్యాద, వినకపోవడం ఊరి మర్యాద.

ఆ ఏడాది నీళ్ళ పెద్ద పేరు దగ్గర సభ ఆగిపోయింది. నీళ్ళ కమిటీ అంటే అందరికీ హడలే. ఊట కొండపైన పైన్ చెట్ల అడవిలో ఉంటుంది. అక్కణ్ణుంచి గొట్టం తొట్టికి, తొట్టి నుంచి పై వాడకి, అక్కణ్ణుంచి కింది వాడకి. ఎండలు ముదిరితే కింది వాడ కుళాయిల్లో గాలి తప్ప ఏమీ రాదు. తిట్లన్నీ నీళ్ళ పెద్దకే వస్తాయి. సభ నడిపే ఫిలెమోన్ పెద్దయ్య ఎవరి పేరు చెప్తారని అడిగితే, అందరూ చెప్పులు చూసుకుంటూ కూచున్నారు.

అప్పుడు వెనక ఆడవాళ్ళ బల్ల మీంచి దోమితీలా చెయ్యి లేచింది.

"చెప్పమ్మా, ఎవరి పేరు?" అన్నాడు పెద్దయ్య.

"నాదే పెద్దయ్యా. దోమితీలా."

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దయ్య ఆమెని ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉందంది. వద్దనడానికి ఏమైనా కారణం ఉంటే చెప్పుకోమన్నాడు, దారి చూపిద్దామని. లేదంది. ఆయన జీవితంలో అలాంటిది చూడలేదు, ఏం చెయ్యాలో తోచక చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి, గబగబా లేచాయి, గండం గడిచిందన్నట్టు. నా చెయ్యి కూడా లేచింది. మొగుడు లేని ఆడవాళ్ళ పేర్లు కూడా పిలవొచ్చని ఊరు తీర్మానించినప్పటి నుంచి నాకూ ఆ భయం ఉంది.

సభ అయ్యాక మొదలయ్యాయి చెవులు కొరుక్కోవడాలు. కావాలని కొలువు అడిగిందంటే ఏదో ఉంది. ఏముందన్నదే తేలాలి. మర్నాటికల్లా నా పొయ్యి దగ్గర ఎన్ని రకాల కారణాలు కాలాయో! నీళ్ళు సీసాల్లో పోసి అమ్మే కంపెనీవాళ్ళకి ఊట అప్పజెప్పేస్తుందని ఒకరు. ఏదో పార్టీవాళ్ళు వెనక ఉన్నారని ఒకరు. తన పిండిమరకి ప్రత్యేకంగా గొట్టం వేయించుకుంటుందని ఇంకొకరు. మెల్కియాదెస్ అయితే ఏ కారణమూ చెప్పలేదు. రొట్టె సంచీలో వేసుకుంటూ, "అడిగి మరీ తీసుకుంది సిరీలా. నువ్వే ఆలోచించుకో" అని వెళ్ళిపోయాడు. అన్నిటికంటే అదే నాకు బాగా ఎక్కింది.

దోమితీలా నాకు తెలియని మనిషేం కాదు. ఆమె పిండిమరకీ నా పొయ్యికీ మధ్య ఒక్కటే గోడ. సున్నం వేసి ఉడకబెట్టిన మొక్కజొన్నల బకెట్లతో ఆడవాళ్ళు చీకటి విడవకముందే ఆమె గుమ్మం ముందు వరసకడతారు. ఆ మర చప్పుడుతోనే నాకు రోజూ మెలకువ వస్తుంది. మాటకారి కాదు. పిండి ఎంత మెత్తగా కావాలో ఎవరికి వాళ్ళకి గుర్తుపెట్టుకుని ఆడించి ఇస్తుంది. అట్లకి ఒక తీరు, ఆకులో చుట్టి ఉడికించే తమాలెలకి ఇంకో తీరు. ముసలమ్మల బకెట్లు తనే ఇంటిదాకా మోసి వచ్చిన రోజులున్నాయి.

ఆమె మొగుడు అబుందియో మంచివాడే కానీ మెస్కాల్ సారా సీసా కనిపిస్తే ఇంక వేరే లోకం కనిపించేది కాదు. ఊరు అతన్ని వదల్లేదు, అన్ని కొలువులకీ పిలిచింది. బడి కమిటీకి పిలిస్తే బడికి సున్నం వేయించింది దోమితీలా. కావలి పెద్దగా పిలిస్తే తగాదా పడ్డ మొగుడూ పెళ్ళాల మధ్యకి వెళ్ళి కూచుంది దోమితీలా. నీళ్ళ పెద్దగా పిలిచిన ఏడాది అతను తొట్టి నీడన పడుకుంటే, గొట్టం వెంబడి కొండెక్కి దిగింది ఆమే. కొలువు కర్ర అబుందియో చేతిలో ఉండేది, అబుందియో దోమితీలా చేతిలో ఉండేవాడు. ఊరంతా చూసింది, ఊరంతా నవ్వుకుంది. అతను పోయినప్పుడు కొలువులన్నీ పూర్తిచేసిన మనిషని బ్యాండు వాయిస్తూ శ్మశానం దాకా తీసుకెళ్ళారు. కొవ్వొత్తి పట్టుకుని వెనక నడిచింది దోమితీలా. ఆ తర్వాత ఎన్ని సభలు జరిగినా ఆమె పేరు ఎవరూ పిలవలేదు. పాపం, ఆ ఇంటి వంతు ఎప్పుడో తీరిపోయింది కదా అనుకున్నాం.

కొత్త ఏడాది మొదటి రోజున, దిగిపోతున్న నీళ్ళ పెద్ద మెల్కియాదెస్ ఆమెకి తొట్టి తాళాలు ఇచ్చాడు. ఇవ్వడం కూడా బల్ల మీద పెట్టి వేలితో నెట్టాడు. ఆమె వాటిని తీసి కొంగున కట్టుకుంది. కొంగు ముడి మీద చెయ్యి అలాగే ఉంచుకుని ఇంటికి నడిచింది. అది నేను గమనించాను. ఊరి తాళాలు మోసేవాళ్ళు విసుక్కుంటూ మోస్తారు. ఈవిడ ఆ తాళాల్ని పట్టుకున్న తీరు నాకు మింగుడుపడలేదు.

ఎండలు ముదిరాయి. ప్రతి ఏడూ ఆ రోజుల్లో కింది వాడవాళ్ళు బిందెలతో కొండ ఎక్కాల్సిందే. ఈసారి వాళ్ళ కుళాయిల్లో నీళ్ళు వచ్చాయి. రోజంతా కాదు కానీ వచ్చాయి. ఎలా వచ్చాయో తెలియడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. మెల్కియాదెస్‌కి పై వాడలో ట్రౌట్ చేపల చెరువు ఉంది. ఆదివారాల్లో వహాకా పట్నం నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళకి చేపలు వేయించి పెడతాడు. ఆ చెరువులోకి నీళ్ళు ఆగకుండా పారుతూ ఉండాలి. దోమితీలా ఊరందరికీ ఎలా వంతు పెట్టిందో చెరువుకీ అలాగే పెట్టింది. మెల్కియాదెస్ ముఖం మాడ్చుకుని తిరిగాడు.

అయితే కింది వాడవాళ్ళు ఆమెకి దణ్ణం పెట్టారనుకుంటున్నారా? వాళ్ళ భయం ఇంకా పెరిగింది. ఊరికే ఎవరు చేస్తారు, రేపు ఏం అడుగుతుందో అని గుసగుసలు. పిండి ఆడించుకోవడానికి వెళ్ళిన ఆడవాళ్ళు బకెట్టు అందిస్తూ ఆమె ముఖం వంక చూడటం మానేశారు. ఊళ్ళో ఉచితంగా వచ్చినదాన్ని అనుమానించడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు. నేను దాన్ని తప్పు పట్టను.

ఒకరోజు బకెట్టు తీసుకుని నేనే వెళ్ళాను. వరస లేదు, మర చప్పుడు ఆగింది, ఇద్దరమే ఉన్నాం.

"ఏమే దోమీ, నాతో చెప్పవే. నీకేం కావాలి దీంట్లోంచి?"

"ఏం కావాలక్కా? ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే చెయ్యెత్తుతారటే ఎవరైనా?"

ఆమె పిండి బకెట్టులోంచి చెయ్యి తీసి తుడుచుకుంది.

"కింది వాడ చివరింట్లో కుళాయి తిప్పినప్పుడు ముందు గాలొస్తుంది చూడు, తుస్సుమని. తర్వాత నీళ్ళొస్తాయి. గాలి అయిపోయి నీళ్ళు ఇంకా రాకముందు కుళాయి కాస్త వణుకుతుంది. అది ఇష్టం నాకు. అబుందియో నీళ్ళ పెద్దగా ఉన్న ఏడాది నుంచీ ఇష్టం. ఎవరైనా మళ్ళీ పిలుస్తారేమో అనుకున్నా. పిలవలేదు."

నా పిండి తీసుకుని బయటికొచ్చాను. వణికే కుళాయి ఇష్టమట! నా అనుమానం రెండింతలయింది. ఇంత వయసొచ్చిన మనిషి ఇంతకంటే మంచి అబద్ధం చెప్పలేకపోయిందా అనుకున్నాను. అబద్ధం చెప్పేవాళ్ళు నమ్మదగ్గ సంగతే చెప్తారన్న మాట నాకప్పుడు తట్టలేదు.

మర్నాడు పొయ్యి చెల్లెలికి అప్పగించి దోమితీలా వెనకాల కొండెక్కాను. దాక్కోవడం నాకు రాదు, లావు మనిషిని. కానీ ఆమె వెనక్కి చూడనే లేదు. ఊట దగ్గర మోకాళ్ళ మీద కూచుని, జల్లెడ మీద పడ్డ పైన్ సూదుల్ని చేత్తో ఏరి పారేసింది. తర్వాత గొట్టానికి చెవి ఆనించింది. పసిబిడ్డ గుండె వింటున్నట్టు అలాగే ఉండిపోయింది. ఉండుండి నవ్వింది. అడవిలో, ఒక్కతే. ముప్ఫై ఏళ్ళ పొరుగులో నేను ఆ నవ్వు చూడలేదు.

ఇంతలో పై గట్టు మీంచి ఒక మగమనిషి దిగాడు. టోపీ చూసి గుర్తుపట్టాను. లాచిరే ఊరివాడు, మేకల త్రాంకిలీనో.

లాచిరేకీ మాకూ గట్టు తగాదా మా తాతల నాటిది. ఊట పైన గట్టు మాదంటాం మేము, వాళ్ళదంటారు వాళ్ళు. వాళ్ళ తిరునాళ్ళకి మా బ్యాండు వెళ్ళదు, మా తిరునాళ్ళకి వాళ్ళది రాదు. అలాంటి ఊరి మనిషికి మా నీళ్ళ పెద్ద గుడ్డ మూట విప్పి చిక్కుడుగింజల తమాలెలు పెట్టింది. ఇద్దరూ రాతి మీద కూచుని తిన్నారు. అతను కర్రతో గట్టు అంతా చూపిస్తూ ఏదో చెప్తున్నాడు, ఈమె తలాడిస్తోంది. సరిహద్దు చూపిస్తున్నాడనే అనుకుంటారు ఎవరైనా.

కిందికొచ్చి చూసింది చూసినట్టు చెప్పాను. చూడనిది ఒక్కటీ చెప్పలేదు. కానీ నా గుమ్మం దాటేసరికే దానికి రెక్కలొచ్చాయి. మధ్యాహ్నానికి దోమితీలా ఊట రాసిచ్చేసింది. సాయంత్రానికి లాచిరేవాడితో కాపురం పెట్టబోతోంది. మెల్కియాదెస్ ఇల్లిల్లూ తిరిగాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక సభ అని చాటింపు వేశారు.

నేను వెళ్ళి ముందు వరసలోనే కూచున్నాను. తాళాలు కొంగున కట్టుకుని వచ్చింది దోమితీలా. ఎవరూ పక్కన చోటివ్వలేదు, గోడకి ఆనుకుని నిలబడింది.

మెల్కియాదెస్ బాగా మాట్లాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చేపల చెరువు ఊసెత్తలేదు. ఊరు, ఊరి తాతలు, ఊరి గట్టు అంటూ వచ్చి, శత్రువుల ఊరివాడికి మన నీళ్ళ పెద్ద అన్నం పెడుతోందంటే ఎందుకో ఆవిడే చెప్పాలన్నాడు.

దోమితీలా చెప్పింది. ఎండల్లో లాచిరే మేకలు గట్టు దిగి ఊట పైనున్న చిత్తడిలో నీళ్ళు తాగుతాయి. అక్కడే పేడ వేస్తాయి, అక్కడి మొక్కలు నమిలేస్తాయి. ప్రతి ఎండాకాలం మన పిల్లలకి వాంతులు అందుకే. ఊరు ఊరితో మాట్లాడితే మళ్ళీ తగాదా. అందుకే ఆ మేకలవాడితోనే మాట్లాడాను. మేకల్ని అవతలి వాలు వైపు తిప్పుకుంటానన్నాడు. అక్కడికి తోలితే అతనికి ఇంటికెళ్ళి తినే టైముండదు. అందుకని తమాలెలు పట్టుకెళ్తున్నాను. గట్టు ఎవరిదో అతనూ నేనూ మాట్లాడుకోలేదు.

ఫిలెమోన్ పెద్దయ్య కింది వాడవాళ్ళని అడిగాడు. ఈ ఏడు పిల్లలకి జబ్బు చేసిందా? వాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. లేదు, చెయ్యలేదు. నీళ్ళలో వాసన? లేదు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టనేలేదు. జబ్బు రాలేదని ఎవరు గమనిస్తారు?

అయినా సభ చల్లబడలేదు. మెల్కియాదెస్ మెల్లగా లేచి, పని గురించి తనేమీ అనట్లేదన్నాడు.

"ఒక్కటే అడుగుతున్నా. కొలువు కావాలని అడిగినవాళ్ళని మన ఊరు ఎప్పుడైనా నమ్మిందా?"

పెద్దయ్య గడ్డం నిమురుకుని తీర్పు చెప్పాడు. పనిలో తప్పు లేదు, పద్ధతిలో ఉంది. దోమితీలా తాళాలు బల్ల మీద పెట్టాలి. ఎవరో ఒకరు ఆమె పేరు సక్రమంగా పిలుస్తారు. ఆమె అందరిలాగే వద్దనాలి. ఊరు కావాలంటే అప్పుడు తీసుకోవాలి. దాంతో నోళ్ళు మూతపడతాయి.

అందరికీ ఊపిరాడింది. మా ఊరికి ఇలాంటివి బాగా నచ్చుతాయి. దోమితీలా కొంగు ముడి విప్పి తాళాలు బల్ల మీద పెట్టింది. కింది వాడ నుంచి ఒకామె పేరు పిలిచింది.

"నావల్ల కాదు పెద్దయ్యా" అంది దోమితీలా, వచ్చీరాని పాఠం అప్పజెప్పినట్టు. "నాకంత తెలివి లేదు."

"కాదు, నువ్వే" అంది సభ. కొందరు నవ్వారు కూడా, ముచ్చటగా.

రెండోసారి ఆమె మోకాళ్ళ నొప్పుల దగ్గర మొదలుపెట్టింది. కొండెక్కి దిగితే రాత్రికి వాచిపోతున్నాయంది. మర చూసేవాళ్ళు లేరంది. అందాకా బాగానే ఉంది, అందరూ చెప్పేవే. కానీ అక్కడ ఆగలేదు. గొంతు మారింది. బకెట్టు అందిస్తూ ఎవరూ నా ముఖం చూడట్లేదు పెద్దయ్యా అంది. నేను లేనప్పుడు నా ఇంటి వెనక కొత్త గొట్టం ఉందేమోనని తవ్వి చూశారు. నా వెనకాల కొండ మీదికి మనిషి వచ్చింది. అది అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు, చూడకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

"కాదు, నువ్వే" అంది సభ. ఈసారి గొంతులు తక్కువ లేచాయి.

ఇప్పుడామె తలొంచి సరే ఊరి మాట అనాలి. పెద్దయ్య తాళాల మీద చెయ్యి వేసి అందించడానికి సిద్ధంగా ఉన్నాడు.

"వద్దు పెద్దయ్యా. ఇప్పుడు నిజంగానే వద్దు."

మూడోసారి వద్దనడం నా ఎరుకలో ఎవరూ చెయ్యలేదు. మెల్కియాదెస్ వెంటనే అందుకున్నాడు. విన్నారుగా, మోకాళ్ళ నొప్పులతో ఉన్న ఆడమనిషిని బలవంతపెట్టడం పాపం, మా అన్న కొడుకు ఖాళీగానే ఉన్నాడు అన్నాడు. ఆ కుర్రాడి చేతికి తాళాలు వెళ్తే నీళ్ళు ఎటు పారతాయో కింది వాడవాళ్ళకి తెలుసు. కానీ వద్దన్న మనిషిని ఏమని బతిమాలుతారు? దోమితీలా అప్పటికే గుమ్మం వైపు తిరిగింది.

ఒళ్ళు మండుకొచ్చింది నాకు. ఎవరి మీదో తెలీదు. మెల్కియాదెస్ మీదా, ఊరి మీదా, వెళ్ళిపోతున్న ఆవిడ మీదా, అందరి మీదా. లేచి నిలబడ్డాను.

"ఆవిడ అబద్ధం చెప్తోంది."

పెద్దయ్య నన్ను కూచోమని సైగ చేశాడు. కూచోలేదు.

"నేనెవర్నీ నమ్మనని మీ అందరికీ తెలుసు. ఆవిడ వెనక కొండెక్కింది కూడా నేనే, ఎక్కడైనా అబద్ధం దొరుకుతుందేమోనని. ఊట దగ్గర దొరకలేదు. ఇదిగో, ఇప్పుడు దొరికింది. గొట్టానికి చెవి పెట్టి ఆవిడ నవ్వడం నేను చూశా. వద్దనుకునే మనిషి నవ్వే నవ్వు కాదది. దోమితీలాకి ఈ పని కావాలి. మనం చేసినదానికి మొహం మొత్తి వద్దంటోంది. పోనీ, నాది తప్పయితే ఆవిణ్ణే ఒట్టేసి చెప్పమనండి."

గుమ్మం దగ్గర దోమితీలా ఆగింది. వెనక్కి తిరిగి నా వంక చూసింది. ఆ చూపులో నాపట్ల స్నేహం ఏ కోశానా లేదు. బట్టలు విప్పి బజార్లో నిలబెట్టినట్టు చూసింది. నేను కళ్ళు దించుకోలేదు.

"సిరీలా చెప్పేది నిజమేనామ్మా?" అన్నాడు పెద్దయ్య. "నీకు కావాలా?"

ఆ గదిలో ఆ మాట ఎవరూ ఎవర్నీ అడిగి ఎరగరు. దోమితీలా చెయ్యి కొంగు మీదికి పోయింది, ముడి లేదు, ఊరికే గుడ్డని పట్టుకుంది.

"కావాలి పెద్దయ్యా" అంది. "నాకు కావాలి."

మెల్కియాదెస్ చూశారా అన్నట్టు సభ వైపు చేతులు చాచాడు. పెద్దయ్య అతని వైపు చూడలేదు. ఆయన కోపంగా ఉన్నాడో, భయపడుతున్నాడో నాకు అంతుపట్టలేదు.

"మేమంతా వద్దు వద్దని ఎందుకంటామో తెలుసా నీకు?" అన్నాడు. "రేపు నీళ్ళు రాకపోతే, నేనడిగానా, మీరేగా నా మెడకి చుట్టారు అనడానికి. అన్ని కొలువులూ చేశాను నేను, ప్రతిసారీ ఆ మాట దాచిపెట్టుకునే చేశాను. కావాలని తీసుకుంటే నీకా మాట ఉండదమ్మా. గొట్టం పగిలినా, ఊట ఎండినా, ఊరంతా వచ్చి నిన్నే అడుగుతుంది."

దోమితీలా గుమ్మం దగ్గర్నుంచి బల్ల దాకా నడిచొచ్చింది. ఆయన చెయ్యి తాళాల మీదే ఉంది. ఆయన తియ్యలేదు, ఆవిడ అడగలేదు, చెయ్యి చాచింది.

"అడగండి" అంది. "నన్నే అడగండి."